అమెరికా పల్లెల్లో ఊరి జట్ల బేస్‌బాల్

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో 19వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి 1950ల దాకా చిన్న పట్టణాలు, పల్లెలు తమ పేరు మీద, తమ చందాలతో నడుపుకున్న ఔత్సాహిక బేస్‌బాల్‌ను ఊరి జట్ల బేస్‌బాల్ అనవచ్చు. అక్కడివాళ్లు టౌన్ బాల్ అంటారు. ఆడేవాళ్లు రైతుబిడ్డలు, ధాన్యం గిడ్డంగుల్లో పనివాళ్లు, మంగలి, బడిపంతులు, బ్యాంకు గుమాస్తా. చూసేవాళ్లు వాళ్ల ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు. దేశమంతటా ఈ ఆట ఉన్నా మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా, ఉత్తర డకోటా, దక్షిణ డకోటా రాష్ట్రాల్లో బాగా వేళ్లూనుకుంది. ఈ వ్యాసం ప్రధానంగా మిన్నెసోటానూ దాని చుట్టుపక్కల రాష్ట్రాలనూ దృష్టిలో పెట్టుకుని రాసింది.

1950లో మిన్నెసోటా ఒక్క రాష్ట్రంలోనే 799 ఔత్సాహిక జట్లు నమోదయ్యాయి. అప్పటి రాష్ట్ర జనాభా 30 లక్షల లోపు. అంటే పిల్లాజెల్లా అందరినీ కలుపుకున్నా, సుమారు 3,700 మందికి ఒక జట్టు. అదే ఏడాది దేశం మొత్తం మీద వృత్తి బేస్‌బాల్‌లో పైమెట్టు అయిన మేజర్ లీగ్ జట్లు 16 మాత్రమే ఉన్నాయి, వాటి నగరాల్లో పడమరకొసన ఉన్నది సెయింట్ లూయిస్. డకోటా రైతు మేజర్ లీగ్ ఆట చూడాలంటే వందల మైళ్లు ప్రయాణం చేయాలి. కాబట్టి అతనికి బేస్‌బాల్ అంటే ఊరిచివర మైదానంలో తమవాళ్లు ఆడే ఆటే. బేస్‌బాల్ చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఈ విషయాన్ని అడుగున వేసి, నగరాల జట్ల కథనే దేశం కథగా చెప్పాయి. ఆడినవాళ్ల సంఖ్యను బట్టి చూసినా, ఆట జనజీవితంలో కలిసిపోయిన తీరును బట్టి చూసినా, అసలు కథ ఊళ్లలోనే ఉంది.

ఆట గురించి రెండు మాటలు

క్రికెట్ తెలిసిన పాఠకులకు కొంత పరిచయం అవసరం. బేస్‌బాల్‌లో జట్టుకు తొమ్మిదిమంది. బంతి విసిరే పిచర్, దాన్ని బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ జట్టుకు ఆయువుపట్టు. 1893 నుంచి పిచర్ నిలబడే దూరం 60 అడుగుల 6 అంగుళాలు. నాలుగు మూలలున్న చదరంలో ఒక్కో మూల ఒక బేస్; పక్కపక్క బేస్‌ల మధ్య 90 అడుగులు. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ జట్టు వంతు ముగుస్తుంది. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. బంతిని నేలకు తాకకుండా విసరడం వల్ల పిచ్ ఎలా ఉందన్న బెంగ లేదు. అందుకే గడ్డి కోసిన పశువుల బీడులో కూడా ఆట సాగింది. ఒక్క మంచి పిచర్ దొరికితే చాలు, అనామకపు ఊరు కూడా పెద్ద పట్టణాన్ని ఓడించగలదు. ఊరి జట్ల చరిత్రలోని కిరాయిలు, కుట్రలు, పంతాలు చాలావరకు ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరిగాయి.

పుట్టుక

ఆధునిక బేస్‌బాల్ నియమాలకు మూలం 1845లో న్యూయార్క్‌లో ఏర్పడిన నికర్‌బాకర్ క్లబ్బు. అక్కడికి పన్నెండేళ్లకే, 1857లో, మిన్నెసోటా ఇంకా రాష్ట్రం కూడా కాకముందు, మిసిసిపీ నది ఒడ్డున కొత్తగా వెలిసిన నినింజర్ అనే ఊళ్లో బేస్‌బాల్ క్లబ్బు ఒకటి పుట్టింది. ఆ ఊరు నిలవలేదు, ఆట నిలిచింది. 1861 నుంచి 1865 దాకా సాగిన అంతర్యుద్ధంలో శిబిరాల్లో ఆట నేర్చుకున్న సైనికులు దాన్ని తమ ఊళ్లకు మోసుకుపోయారు.

ఆ తర్వాత రైలుమార్గాలు వచ్చాయి. మైదాన రాష్ట్రాల్లో రైలు కంపెనీలు ధాన్యం ఎగుమతికి వీలుగా కొద్ది మైళ్లకొక స్టేషను పెట్టాయి. రైతు బండి కట్టుకుని ధాన్యం దింపి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలన్నది లెక్క. ప్రతి స్టేషను చుట్టూ ఒక గిడ్డంగి, ఒక దుకాణాల వీధి, రెండు చర్చిలు, ఒక బడి వెలిశాయి. ఒకే ముఖంతో, ఒకే వయసుతో ఇన్ని ఊళ్లు పక్కపక్కనే పుట్టేసరికి వాటి మధ్య పోటీ తప్పలేదు. జిల్లా కేంద్రం ఎవరికి దక్కాలి, రైతు సరుకులకు ఎవరి బజారుకు రావాలి అన్న తగవులన్నీ మైదానంలోకి దిగాయి. పక్క ఊరిని ఓడించడం వ్యాపారానికి కూడా మంచిదని దుకాణదారులు నమ్మారు. జట్టుకు దుస్తులు కుట్టించింది వాళ్లే. మందపాటి ఉన్ని బట్ట మీద ముందువైపు ఊరి పేరు, వెనక పిండిమర పేరో ఇనప సామాన్ల కొట్టు పేరో ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం

వారమంతా పొలంపని. శనివారం బజారు. కాబట్టి ఆటకు మిగిలింది ఆదివారమే. ఆ రోజు ఆట ఆడవచ్చా అన్నది చాలా రాష్ట్రాల్లో చట్టానికి సంబంధించిన వివాదం. ఆదివారం విశ్రాంతిదినమని కట్టడి చేసిన పాత చట్టాలను ప్రొటెస్టెంట్ సంఘాలు గట్టిగా పట్టుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆదివారపు ఆటకు దారి తెరుచుకున్నది 1919లో. పెన్సిల్వేనియాలో 1933 దాకా ఆగాల్సి వచ్చింది. పడమటి పల్లెల్లో మాత్రం ఊరిని బట్టి నడిచింది. జర్మన్ కేథలిక్కులు ఎక్కువగా ఉన్న మిన్నెసోటాలోని స్టెర్న్స్ జిల్లా వంటి చోట్ల ఉదయం ప్రార్థన, మధ్యాహ్నం భోజనం, తర్వాత ఆట అన్నది సహజమైన వరస. ఫాదరీలే జట్టుకు పెద్దదిక్కైన ఊళ్లున్నాయి. స్కాండినేవియన్ లూథరన్ల పట్టున్న ఊళ్లలో ఇది నలిగి నలిగి ఒప్పుకున్న విషయం.

మైదానం చాలా ఊళ్లలో ఎవరో ఇచ్చిన బీడు. వసంతంలో గుర్రాలకు దిమ్మె కట్టి చదును చేసేవారు. వెనకవైపు నాలుగు వరసల చెక్క బల్లలు, వాటి ముందు బంతి తగలకుండా కోళ్ల గూళ్లకు వాడే తీగవల. దూరపు గడ్డిని ఎండుమేతకు కోసుకునేందుకు ఎవరో ఒక రైతు ముందే మాట్లాడుకునేవాడు. 1915 తర్వాత మోటారు కార్లు పెరిగాక బల్లలతో పని తగ్గింది. కార్లను మైదానపు అంచు గీత వెంబడి వరసగా నిలిపి, కుటుంబమంతా లోపలే కూర్చుని చూసేవారు. మనవాడు పరుగు తీస్తే అన్ని కార్లూ ఒక్కసారి హారన్ మోగించేవి. మొక్కజొన్నలోకి పోయిన బంతిని వెతికి తెచ్చిన పిల్లవాడికి చిల్లర డబ్బులో మిఠాయో దక్కేది, ఎందుకంటే కొత్త బంతి ఖరీదు ఆ జట్లకు చిన్నది కాదు. పాడిపశువులున్న ప్రాంతాల్లో ఆట ఎప్పుడు మొదలైనా పాలు పితికే వేళకు ముగియాలి. అదనపు ఇన్నింగ్స్ పడితే ఆటగాళ్ల ఇళ్లలో పశువులు అరిచేవి.

అంపైర్ల కష్టాలు మరో అధ్యాయం. ఆతిథ్యమిచ్చే ఊరు పెట్టిన మనిషి ఆ ఊరివైపే తీర్పు చెబుతాడని వచ్చినవాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి తరచుగా ఆధారం ఉండేది కూడా. పందేలు కాసేవాళ్లు గీత పక్కనే నిలబడేవారు. ఆట మధ్యలో జట్టు మైదానం వదిలి బండెక్కి వెళ్లిపోవడం, మరుసటి వారం రెండు ఊళ్ల వారపత్రికలూ ఒకే ఆటను రెండు రకాలుగా రాయడం మామూలు. ఆ వారపత్రికలే ఈ చరిత్రకు ఖజానా. సంపాదకుడు సాధారణంగా ఆట పిచ్చివాడు. ఎవరు ఎన్ని పరుగులు తీశారో, ఎవరు ఎంతమందిని అవుట్ చేశారో పట్టికలతో సహా అచ్చువేసేవాడు. పక్షపాతం వ్యాఖ్యల్లో ఉన్నా అంకెల్లో తక్కువ.

డబ్బు, కిరాయి ఆటగాళ్లు

ఔత్సాహికమన్న మాటను ఇక్కడ కొంచెం సడలించి వాడాలి. ఇన్నింగ్స్ మధ్యలో టోపీ పట్టుకుని ప్రేక్షకుల దగ్గర డబ్బు పోగుచేయడం మొదటి పద్ధతి. గెలవాలన్న పంతం పెరిగినకొద్దీ వ్యాపారుల సంఘం నిధి కట్టేది. ఆ నిధితో తెచ్చేది పిచర్‌నూ క్యాచర్‌నూ. మిగతా ఏడుగురు ఊరివాళ్లు, ఈ ఇద్దరు కిరాయివాళ్లు. ఊళ్లో ఏదో ఒక ఉద్యోగం చూపించి ఆటగాడిని స్థిరపరచడం ఇంకో మార్గం.

1921లో మేజర్ లీగ్ నుంచి జీవితకాలం బహిష్కృతులైన చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు హ్యాపీ ఫెల్ష్, స్వీడ్ రిస్‌బర్గ్ 1925లో కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న మోంటానాలోని స్కోబీ అనే చిన్న ఊరికి ఆడారు. గోధుమ బాగా పండిన ఏడాది ఊరు ఎంతకు తెగిస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

ఊరూరా తిరిగే జట్లు మరో ఆకర్షణ. మిషిగన్‌లోని బెంటన్ హార్బర్ నుంచి హౌస్ ఆఫ్ డేవిడ్ అనే మతసమాజం గడ్డాలు పెంచిన ఆటగాళ్లను పంపేది. నెబ్రాస్కా ఇండియన్స్ పేరుతో ఆదివాసీ ఆటగాళ్ల జట్టు 1897 నుంచి తిరిగింది. బ్లూమర్ గర్ల్స్ అనే మహిళా జట్లు రైల్లో వచ్చి ఊరి మగవాళ్లతో ఆడేవి. ఈ మహిళా జట్లలో కొందరు ఆడవేషం వేసిన కుర్రాళ్లు. 1906లో కాన్సాస్‌లోని నెస్ సిటీ జట్టుకు ఆడుతున్న పదహారేళ్ల జో వుడ్ అలా చేరి మూడు వారాలు ఆడాడు. ఆరేళ్లకు, 1912లో, అతనే బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్‌గా 34 ఆటలు గెలిచాడు. ఆ ఊరి ఆటల్లో తనకు దక్కిన ఆనందం గురించి అతను వృద్ధాప్యంలో చెప్పిన సంగతులు లారెన్స్ రిట్టర్ 1966లో ప్రచురించిన ముఖాముఖీల పుస్తకంలో ఉన్నాయి. ఈ విషయంపై ఆసక్తి ఉన్నవాళ్లు మొదట చదవాల్సింది ఆ పుస్తకమే.

జాన్ డొనాల్డ్‌సన్

ఊరి జట్ల బేస్‌బాల్‌ను ఒక్క మనిషిలో చూడాలంటే ఎడమచేతి పిచర్ జాన్ డొనాల్డ్‌సన్‌ను చూడాలి. ఆయన మిస్సోరీలోని గ్లాస్‌గో అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతీయుడు. వృత్తి బేస్‌బాల్‌లో 1880ల చివరినాటికి నల్లజాతివారికి తలుపులు మూతపడ్డాయి. రాతపూర్వకమైన నిషేధం లేకుండానే అందరూ పాటించిన ఆ కట్టుబాటు 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లోని బ్రూక్లిన్ జట్టులో అడుగుపెట్టేదాకా చెక్కుచెదరలేదు. ఊరి జట్లకు అలాంటి కేంద్ర పెత్తనం లేదు. గెలిపించేవాడు కావాలి; అతని రంగు ఏమిటన్నది ఊరు తేల్చుకునే విషయం.

జె.ఎల్. విల్కిన్సన్ అనే తెల్లజాతి నిర్వాహకుడు 1912లో ఆల్ నేషన్స్ అనే జట్టును ఏర్పరిచాడు. తెల్లవారు, నల్లవారు, ఆదివాసీలు, క్యూబన్లు, ఆసియావాసులు కలిసి ఆడిన ఆ జట్టు ప్రత్యేక రైలుపెట్టెలో మధ్య పశ్చిమమంతా తిరిగింది. డొనాల్డ్‌సన్ దాని పెద్ద ఆకర్షణ. విల్కిన్సన్ 1920లో స్థాపించిన నల్లజాతి జట్టుకు కాన్సాస్ సిటీ మోనార్క్స్ అనే పేరు సూచించింది కూడా డొనాల్డ్‌సనే. అయితే ఆయన ఆటజీవితంలో ఎక్కువ భాగం గడిచింది పల్లెల్లో. 1924లో మిన్నెసోటాలోని బెర్తా ఆయన్ను జట్టులోకి తెచ్చుకుంది. బెర్తా జనాభా అప్పట్లో కొన్ని వందలు. ఆయన పిచింగ్ చేసే రోజున చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఊరి జనాభాకు ఎన్నో రెట్లు జనం వచ్చేవారు. ఆ తర్వాత కూడా మిన్నెసోటాలోని పలు ఊళ్లకు ఆయన ఆడాడు.

ఈ కథను జాతుల సామరస్యగాథగా మార్చి చెప్పకూడదు. గెలిపించినంతకాలం నెత్తిన పెట్టుకున్న ఊళ్లే, పక్క ఊళ్ల పత్రికలే, ఆయన గురించి రాసేటప్పుడు జాతిని కించపరిచే మాటలు వాడాయి. తిరిగిన దారిలో భోజనం పెట్టని హోటళ్లు ఉన్నాయి. అంత గొప్ప పిచర్ ఆదివారం ఆటకు ఇంతని పుచ్చుకుని బీడుభూముల్లో ఆడాల్సి రావడమే అసలు అన్యాయం. అయినా, పెద్ద లీగ్ ఇవ్వని స్థలాన్ని బెర్తా లాంటి ఊరు ఇచ్చిందన్నది కూడా అంతే నిజం.

1949లో చికాగో వైట్ సాక్స్ ఆయన్ను ప్రతిభావంతులను వెతికే స్కౌట్‌గా నియమించింది. మేజర్ లీగ్‌లో పూర్తికాలపు నల్లజాతి స్కౌట్‌గా ఆయనే మొదటివాడు. 1970లో చికాగోలో చనిపోయినప్పుడు సమాధి మీద పేరు కూడా లేదు. పేరు చెక్కిన రాయి 2004లో గానీ పడలేదు.

ఆయన ఎంత గొప్ప పిచరో తేల్చింది చిన్న ఊళ్ల వారపత్రికలే. మిన్నెసోటాకు చెందిన పీట్ గార్టన్ నాయకత్వంలో పరిశోధకులు, స్వచ్ఛంద కార్యకర్తలు ఊరూరి గ్రంథాలయాల్లో పాత సంచికలు తిరగేసి ఒక్కో ఆటను లెక్కలోకి ఎక్కించారు. అలా 400కు పైగా విజయాలు, 5,000కు పైగా స్ట్రైకవుట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక అవుటవడం) రుజువయ్యాయి. 1925లో ఫెర్గస్ ఫాల్స్ ఊళ్లో ఆయన బంతి విసురుతుండగా తీసిన కొద్ది క్షణాల మూకీ చిత్రం 2010లో బయటపడింది. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికకు 2021లోనూ 2024లోనూ ఆయన పేరు పరిశీలనకు వచ్చింది. రెండుసార్లూ చాలినన్ని ఓట్లు రాలేదు. 1884లో మిన్నెసోటాలోని స్టిల్‌వాటర్ జట్టుకు ఆడిన తొలితరం నల్లజాతి ఆటగాడు బడ్ ఫౌలర్‌కు 2022లో ఆ గౌరవం దక్కింది. డొనాల్డ్‌సన్‌కు దక్కకపోవడానికి ఆయన ఆట కారణం కాదు. ఆయన ఎక్కువగా ఆడిన ఊళ్ల ఆటను ఇప్పటికీ లెక్కలోకి పూర్తిగా తీసుకోకపోవడమే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బిస్మార్క్, 1935

ఉత్తర డకోటా రాజధాని బిస్మార్క్‌లో కార్లు అమ్మే నీల్ చర్చిల్ ఊరి జట్టును నడిపేవాడు. పొరుగున ఉన్న జేమ్స్‌టౌన్‌ను ఓడించాలన్న పట్టుదలతో 1933లో దేశంలోకెల్లా పేరున్న నల్లజాతి పిచర్ సాచెల్ పేజ్‌ను రప్పించాడు. 1935లో పేజ్ మళ్లీ వచ్చేసరికి ఆ జట్టులో హిల్టన్ స్మిత్, క్విన్సీ ట్రూప్, టెడ్ రాడ్‌క్లిఫ్ వంటి నల్లజాతి ఆటగాళ్లు, తెల్లజాతి ఆటగాళ్లు భుజం కలిపి ఆడారు. మేజర్ లీగ్‌లో ఆ దృశ్యం కనబడటానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది.

ఆ ఏడాది కాన్సాస్‌లోని విచిటాలో రేమండ్ డ్యూమాంట్ మొదటి జాతీయ సెమీ ప్రో (పాక్షిక వృత్తి జట్ల) పోటీలు నిర్వహించాడు. 32 జట్లు పాల్గొన్నాయి. బిస్మార్క్ ఏడు ఆటలాడి ఏడూ గెలిచింది. చివరి ఆటలో ఓడింది ఓక్లహోమా నుంచి వచ్చిన హాలిబర్టన్ చమురు సేవల కంపెనీ జట్టు. పేజ్ ఒక్కడే 60 మందిని స్ట్రైకవుట్ చేశాడు. అంతటి ఆటగాడికి బిస్మార్క్‌లో అద్దెకు ఇల్లు దొరకలేదు. రైలుపెట్టెను గదిగా మార్చుకుని భార్యతో అందులో కాపురమున్నాడని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. పేజ్ 1971లో, హిల్టన్ స్మిత్ 2001లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యారు.

ఊరి నుంచి పెద్ద లీగ్‌కు

ఈ మైదానాల నుంచి పైకి వెళ్లినవాళ్ల జాబితా పొడవైనదే. ఇడాహోలోని వైజర్‌లో టెలిఫోన్ కంపెనీ ఉద్యోగం చూపించి తెచ్చుకున్న కుర్రవాడు వాల్టర్ జాన్సన్. 1907లో అతన్ని వాషింగ్టన్ జట్టు తీసుకుపోయింది. 417 ఆటలు గెలిచాడు. అయోవాలోని వాన్ మీటర్‌లో బిల్ ఫెల్లర్ అనే రైతు కొడుకు బాబ్ కోసం 1930ల ఆరంభంలో సొంత పొలంలోనే మైదానం చదును చేసి, కంచె కట్టి, జట్టును నిలబెట్టాడు. ఆదివారాల్లో అక్కడికి టిక్కెట్టు కొని జనం వచ్చేవారు. బాబ్ ఫెల్లర్ 1936 ఆగస్టులో పదిహేడేళ్ల వయసులో క్లీవ్‌లాండ్ తరఫున ఆరంభ పిచర్‌గా దిగిన మొదటి ఆటలోనే 15 మందిని స్ట్రైకవుట్ చేశాడు. పంట వేయాల్సిన భూమిని తండ్రి ఆటకు ఇవ్వడం ఆ మాంద్యం రోజుల్లో సామాన్యమైన నిర్ణయం కాదు. అయినా ఊరి జట్ల విలువను పైకి పంపిన తారలతో కొలవడం పొరపాటు. వేలమంది ఆడారు, పదులమంది వెళ్లారు; మిగిలినవాళ్లు నలభై ఏళ్లొచ్చేదాకా తమ ఊరి కోసమే ఆడారు.

ఆడవాళ్లు పోషించిన పాత్ర ఎక్కువగా లెక్కకెక్కలేదు. భోజనాల అమ్మకం, దుస్తుల ఉతుకులు, నిధి కోసం విందులు వాళ్ల చేతిమీదుగా నడిచాయి. మైదానంలో దిగినవాళ్లలో ఓహియోలోని రేగర్స్‌విల్ ఊరి వైద్యుడి కూతురు ఆల్టా వైస్ ముఖ్యురాలు. 1907లో వెర్మిలియన్ ఊరి మగవాళ్ల జట్టుకు పిచర్‌గా ఆడి వేలమందిని రప్పించింది. ఆ సంపాదన చదువుకు తోడ్పడగా 1914లో ఆమె తానూ వైద్యురాలైంది.

యుద్ధం తర్వాతి వైభవం

మిన్నెసోటాలో ఔత్సాహిక జట్ల రాష్ట్రపోటీలు 1924లో మొదలయ్యాయి. 1930ల మాంద్యంలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద చాలా ఊళ్లలో మంచి మైదానాలు, చెక్క గ్యాలరీలు వచ్చాయి. వాసీకాలోని గ్యాలరీ అలా కట్టిందే. రెండో ప్రపంచయుద్ధంలో కుర్రాళ్లు సైన్యంలోకి పోయి జట్లు మూతపడ్డాయి. 1945లో వాళ్లు తిరిగొచ్చాక ఒక్కసారిగా ఊరూరా ఆట లేచింది. యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకంగా మైదానాలు కట్టారు. కరెంటు స్తంభాలు నాటి రాత్రిపూట ఆటలు పెట్టారు, దాంతో పాలు పితికాక కూడా ఆట చూడగలిగారు. చాస్కాలో మిన్నెసోటా నది పక్కన 1950లో కట్టిన మైదానం ఇప్పటికీ ఆటకు వాడుతున్నారు.

ఆ కాలంలో జట్లను ఏఏ, ఏ, బి తరగతులుగా విడదీశారు. పై తరగతిలో సదరన్ మిన్నెసోటా లీగ్‌ది పెద్ద పేరు. మాంసం ప్యాకింగ్ కంపెనీ హార్మెల్ ఉన్న ఆస్టిన్ ఊరి జట్టు ప్యాకర్స్‌కు 1950లో ఆడిన బిల్ స్కౌరన్ తర్వాత న్యూయార్క్ యాంకీస్‌లో ప్రముఖుడయ్యాడు. ఈ లీగ్‌లో జీతాలు మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు దిగువ స్థాయి వృత్తి లీగ్) జీతాలతో పోటీపడేవి. తర్వాతికాలంలో అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడిగా ప్రసిద్ధుడైన బడ్ గ్రాంట్ ఆ రోజుల్లో వేసవంతా ఊరి జట్లకు పిచింగ్ చేసి సంపాదించుకున్నాడు. 1945 నుంచి 1960 దాకా సాగిన ఈ ఘట్టాన్ని ఆర్మండ్ పీటర్సన్, టామ్ టొమాషెక్ 2006లో వెలువరించిన పుస్తకంలో లీగుల వారీగా నమోదు చేశారు.

తగ్గుముఖం

క్షీణతకు టెలివిజనే కారణమని చెప్పడం అలవాటు. అందులో నిజముంది: 1950లో దేశంలో పదింట ఒక ఇంటికైనా సరిగా లేని టీవీ 1960కి పదింట దాదాపు తొమ్మిది ఇళ్లలో ఉంది. మిన్నెసోటాకు సొంత మేజర్ లీగ్ జట్టు ట్విన్స్ 1961లో వచ్చింది. కానీ జట్లు పడిపోవడం ట్విన్స్ రాకముందే మొదలైంది. డబ్బుపోటీ ఒక కారణం. పక్క ఊరు ముగ్గురిని కొంటే మనం నలుగురిని కొనాలన్న పంతంలో అప్పులపాలైన సంఘాలు ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. కిరాయివాళ్లు నిండిన జట్టును తమదని చెప్పుకోవడానికి ఊరికీ మనసొప్పలేదు. కొరియా యుద్ధం మరికొందరు కుర్రాళ్లను తీసుకుపోయింది.

అన్నిటికంటే లోతైన కారణం సేద్యంలో వచ్చిన మార్పు. ట్రాక్టరు, కోతయంత్రం వచ్చాక నలుగురు కొడుకుల పని ఒక్కడు చేయగలిగాడు. చిన్న కమతాలు పెద్దవాటిలో కలిశాయి. మిగిలిన ముగ్గురు కొడుకులు మినియాపొలిస్‌కో చికాగోకో పోయారు. పిల్లలు తగ్గి బడులు విలీనమయ్యాయి, మంచి రోడ్లు పడి బజారు జిల్లా కేంద్రానికి తరలింది, దుకాణాలు మూతపడ్డాయి. జట్టుకు దుస్తులు కుట్టించే కొట్టే లేకపోతే జట్టు ఎక్కడిది? ఊరి జట్టు ఊరితోపాటే చిక్కిపోయింది.

ఇప్పటి స్థితి

మిగతా చోట్ల చాలావరకు కనుమరుగైనా మిన్నెసోటాలో ఈ ఆట బతికే ఉంది. సుమారు 300 జట్లు ఏటా ఆడుతున్నాయి. విస్కాన్సిన్‌లో 1929లో మొదలైన హోమ్ టాలెంట్ లీగ్, దక్షిణ డకోటా రాష్ట్రపోటీలు కూడా కొనసాగుతున్నాయి. కిరాయి ఆటగాళ్ల గొడవ తీరేలా మిన్నెసోటాలో నిర్ణీత దూరంలో నివసించేవాళ్లే ఆడాలన్న నియమం పెట్టుకున్నారు. ఓడిన జట్ల పిచర్లలో కొందరిని గెలిచిన జట్లు రాష్ట్రపోటీలకు ఎంచుకోవచ్చన్న ఆనవాయితీ ఒకటుంది; ఏడాదంతా తిట్టుకున్న పక్క ఊరి పిచర్ ఆగస్టులో మన దుస్తులు వేసుకుని మన కోసం ఆడతాడు. మూడొందల జనాభా కూడా లేని మిల్‌రాయ్ అనే ఊరు చాలా ఏళ్లు రెండు జట్లను నడిపింది. వాసీకాలోని పాత చెక్క గ్యాలరీ 2016లో అగ్నిప్రమాదంలో కాలిపోతే ఊరు మళ్లీ కట్టుకుంది.

రాష్ట్రపోటీలు ఆగస్టు నెల రెండో భాగంలో మొదలై మూడు వారాంతాలు సాగి, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డేకు ముగుస్తాయి. ఏటికాయేడు వేర్వేరు ఊళ్లు ఆతిథ్యమిస్తాయి. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చాస్కా, జోర్డాన్ మైదానాలు కారులో కొద్ది దూరమే. మేజర్ లీగ్ టిక్కెట్టుతో పోలిస్తే ఖర్చు నామమాత్రం. ఈసారి వేసవిలో పిల్లలను వెంటబెట్టుకుని ఒక ఆదివారం అక్కడికి వెళ్లండి. తాము స్థిరపడిన రాష్ట్రం తన పల్లెల్లో ఎలా బతికిందో వాళ్లకు అక్కడ తెలుస్తుంది.